గెస్ట్ కట్టింది 9,721, మా చేతికొచ్చింది 7,716... మధ్యలో డబ్బు నేను దాచానంటున్నారు

ఈ వారం ఉత్తరం శ్రీకాకుళం నుంచి ఒక చెల్లెమ్మ రాశారు. పేరు వద్దన్నారు, కళింగపట్నం దగ్గర ఇల్లు అని మాత్రం చెప్పొచ్చన్నారు. చాలా పెద్ద ఉత్తరం, సగం లెక్కలే, స్క్రీన్‌షాట్లు కూడా పెట్టారు, అందుకని నేను కుదించి చెప్తున్నాను.

మావగారు రిటైరయ్యాక బీచ్‌కి దగ్గర్లో కొబ్బరితోటలో రెండు గదుల ఇల్లు కట్టుకున్నారట. ఆయన పోయాక ఇల్లు ఖాళీగా ఉండి ఉప్పుగాలికి తలుపులు పాడైపోతున్నాయని, ఈవిడే పూనుకుని రంగులేయించి, ఏసీలు పెట్టించి, ఒక బుకింగ్ యాప్‌లో పెట్టారు. ఇంటి మీద భర్తకీ, హైదరాబాద్‌లో ఉండే మరిదికీ చెరి సగం. ఖర్చులు పోను మిగిలింది ప్రతి నెలా మరిదికి సగం పంపిస్తారు. రాత్రికి 4,000 రేటు, నెలకి పదకొండు రాత్రులు దాకా నడుస్తుంది, వైజాగ్ నుంచి వీకెండ్‌కి వచ్చే ఫ్యామిలీలు, అరసవల్లి దర్శనానికి వచ్చినవాళ్లు, పెళ్లిళ్లకి వచ్చినవాళ్లు. కార్తీక మాసంలో ఒక ఆదివారం ఒకే రోజుకి రెండు యాప్‌ల నుంచి రెండు ఫ్యామిలీలు సామాన్లతో దిగిపోయేసరికి భయపడి, క్యాలెండర్లు కలిపే సాఫ్ట్‌వేర్ ఒకటి నెలకి 1,200 కట్టి తీసుకున్నారు. ఆ సాఫ్ట్‌వేర్ కలిపిన దగ్గర్నుంచి మెయిన్ యాప్ వాళ్ల ఫీజు పద్ధతి మారిపోయింది, ఇంతకుముందు వీళ్ల దగ్గర 3 శాతం తీసుకుని మిగతాది గెస్ట్ దగ్గర తీసుకునేవాళ్లు, ఇప్పుడు గెస్ట్ దగ్గర ఏమీ లేదు, మొత్తం 15.5 శాతం వీళ్ల దగ్గరే. మెయిల్ వచ్చిందట కానీ ఇంగ్లీషులో పొడుగ్గా ఉందని చదవలేదట. చేతికొచ్చే డబ్బు తగ్గింది, రేటు మాత్రం 4,000 దగ్గరే ఉంచేశారు.

సరిగ్గా అప్పుడే మరిదిగారి ఫ్రెండ్ ఒకాయన, పాత పద్ధతి ఉన్నప్పుడు అదే ఇంట్లో రెండు రాత్రులు ఉన్నాయన, మాటల్లో "మీ ఇంటికి 9,721 కట్టాను రా" అన్నాడట. ఆ నెల లెక్కలో ఈవిడ రాసింది 7,716. మరిది ఫోన్ చేసి "వదినా, మిగిలిన రెండు వేలు ఏటయ్యాయి?" అన్నాడట. తోడికోడలైతే ఫ్యామిలీ గ్రూపులోనే అడిగేసింది. అత్తగారు ఏమీ అనలేదు గానీ మాట్లాడటం తగ్గించేశారు. భర్త స్కూల్ టీచరు, "15.5 శాతం రేటుకి కలిపేయ్, గొడవ వదిలిపోద్ది" అంటున్నారు. మరిది "యాప్ తీసేయ్, వాట్సాప్‌లో నడుపుదాం, కమీషనే ఉండదు" అంటున్నాడు. ఈవిడకి రేటు పెంచితే బుకింగులు పోతాయని భయం, యాప్ తీసేస్తే అసలు ఎవరూ రారని భయం. ఉత్తరం చివర ఒకే మాట రాశారు: "అక్కా, నేను దొంగని కాదని ఎలగ చూపించాలి, ఇల్లు ఎలగ నడపాలి?"

చెల్లెమ్మా,

మీరు అడిగినవి రెండు ప్రశ్నలు గానీ రెండిటికీ జవాబు ఒకే కాగితం మీద దొరుకుతుంది. ముందు ఆ 9,721 సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే అది తేలేదాకా మీకు నిద్ర పట్టదు, రేటు గురించి స్థిమితంగా ఆలోచించలేరు కూడా.

మీరు పంపిన స్క్రీన్‌షాట్ పెట్టుకుని నేను కూర్చుని లెక్కేశాను. రెండు రాత్రులకి మీ రేటు 8,000. దాని మీద యాప్ గెస్ట్ దగ్గర తీసుకున్న ఫీజు 14 శాతం, అంటే 1,120. ఆ ఫీజు మీద జీఎస్టీ 18 శాతం, 201 రూపాయల 60 పైసలు. గది అద్దె మీద జీఎస్టీ 5 శాతం, 400. ఇవన్నీ కలిపితే 9,721 రూపాయల 60 పైసలు, ఆయన కట్టింది అదే. ఇటు మీ 8,000 లోంచి 3 శాతం 240, దాని మీద జీఎస్టీ 43 రూపాయల 20 పైసలు పోతే మీకు 7,716 రూపాయల 80 పైసలు. తేడా 2,004 రూపాయల 80 పైసలు, అందులో యాప్‌కి 1,360, మిగిలిన 644 చిల్లర ప్రభుత్వానికి. ఒక్క రూపాయి కూడా మీ దగ్గర ఆగలేదు. ఈ లెక్క మీ మరిదికి నోటితో చెప్పకండి, తెల్లకాగితం మీద రాసి, పక్కన యాప్‌లో మీకొచ్చిన పేమెంట్ స్క్రీన్‌షాట్, బ్యాంకులో అదే రోజు అదే మొత్తం పడిన స్టేట్‌మెంట్, మూడూ కలిపి ఫోటో తీసి పంపండి. వాళ్ల ఫ్రెండ్ దగ్గర కూడా యాప్ ఇచ్చిన బిల్లు ఉంటుంది, అది తెప్పించుకోమనండి, అందులో ఈ విడి విడి లైన్లన్నీ ఉంటాయి.

పలాసలో జీడిపప్పు కిలో ఏ రేటుకి అమ్ముతున్నారో చూసి, పిక్కలు అమ్మిన రైతుని మిగతా డబ్బు ఏదని మనం అడగం కదా, మధ్యలో ఫ్యాక్టరీ, కూలి, రవాణా, పన్ను ఉన్నాయని తెలుసు కాబట్టి. ఇక్కడ మధ్యలో ఉన్నవి కంటికి కనపడవు, అంతే తేడా.

ఇక్కడ నాకు కనిపించిన ఇంకో సంగతి మీ ఉత్తరంలో మీరే రాశారు గానీ మీరు గమనించినట్టు లేదు. పాత పద్ధతిలో రాత్రికి మీ చేతికి 3,858 వచ్చేది. కొత్త పద్ధతిలో అదే 4,000 రేటు మీద 15.5 శాతం అంటే 620, దాని మీద జీఎస్టీ 111 రూపాయల 60 పైసలు, అవి పోతే 3,268. నెలకి పదకొండు రాత్రులకి తేడా 6,490 రూపాయలు, మీరు తోట కాపలాదారుకి ఇస్తున్న నెల జీతమంత. మీరు రాసిన ఖర్చులు తీసేస్తే (కాపలా 6,500, ఆరుసార్లు క్లీనింగూ దుప్పట్ల ఉతుకూ 4,800, కరెంటు 3,850, సాఫ్ట్‌వేర్ 1,200, రిపేర్లకని పక్కన పెట్టే 3,000) ఇంతకుముందు, సాఫ్ట్‌వేర్ 1,200 లేనప్పుడు, మరిది వాటా పన్నెండు వేల నూటయాభై దాకా వచ్చేది, ఇప్పుడు ఎనిమిది వేల మూడొందలకి పడిపోయింది. అంటే ఆయన అకౌంట్లో డబ్బు తగ్గడం, ఫ్రెండ్ నోట 9,721 అని వినడం, రెండూ ఒకేసారి జరిగాయి. అలాంటప్పుడు ఎవరికైనా అనుమానం వస్తుందమ్మా. తోడికోడలు గ్రూపులో అలా అడగడం తప్పే, అది నేను సమర్థించను, కానీ మరిది మనసులో విషం ఉందని మాత్రం మీరు అనుకోకండి. ఫీజు మారిన రోజున "ఇదిగో ఇలా మారింది, వచ్చే నెల నుంచి వాటా తగ్గుద్ది" అని ఒక్క మెసేజ్ వెళ్లి ఉంటే సగం గొడవ ఉండేది కాదు. ఇప్పుడైనా ఆ మెసేజ్ పెట్టొచ్చు, ఆలస్యమేం కాలేదు.

గ్రూపులో జవాబివ్వాలా, విడిగా ఇవ్వాలా అని కూడా అడిగారు. ప్రశ్న గ్రూపులో వచ్చింది కాబట్టి కాగితం గ్రూపులోనే పెట్టండి, అత్తగారు కూడా చూడాలి. కానీ కింద ఏమీ రాయకండి, "నన్ను ఎంత మాటన్నారు" లాంటివి అసలొద్దు. లెక్క, మూడు ఫోటోలు, "ఏ డౌటున్నా ఫోన్ చేయండి" అంతే. ఆ తర్వాత మరిదిని యాప్‌లో కో-హోస్ట్‌గా చేర్చగలరేమో చూడండి, కొన్ని యాప్‌లలో బుకింగులు, పేమెంట్లు చూడ్డానికి వీలుగా ఇంకొకరిని చేర్చుకోవచ్చు. ఇంటికి విడిగా ఒక బ్యాంకు అకౌంటు తెరిచి యాప్ డబ్బులన్నీ అందులోనే పడేలా చేయండి, ఇప్పుడు మీ సొంత అకౌంట్లో పడుతున్నాయి కదా, అక్కడే కిరాణా, అక్కడే పిల్లాడి ఫీజు, అక్కడే గెస్ట్ డబ్బు, ఆరు నెలల తర్వాత మీకే ఏది ఏదో తెలీదు.

ఇప్పుడు రేటు సంగతి.

మీ ఆయన చెప్పిన పద్ధతి చూద్దాం. 4,000 కి 15.5 శాతం కలిపితే 4,620. మనకి 4,000 మిగులుద్ది అనుకుంటారు. కానీ యాప్ 15.5 శాతం తీసేది 4,000 మీద కాదు, కొత్త 4,620 మీద, పైగా ఆ ఫీజు మీద జీఎస్టీ 18 శాతం ఉంది, అంటే అసలు కోత 18.29 శాతం. 4,620 లో చేతికొచ్చేది 3,775. ఇంతకుముందు వచ్చిన 3,858 కూడా రాలేదు. సార్ లెక్కల టీచరో కాదో నాకు తెలీదు గానీ ఇది చాలామంది ఓనర్లు తడబడే చోటే. చేయాల్సింది ఏటంటే ముందు మన చేతికి ఎంత రావాలో అనుకుని, దాన్ని 0.8171 తో (నూటికి 18.29 కోత పోతే మిగిలేది 81.71 కాబట్టి) భాగించాలి. 3,858 ని భాగిస్తే 4,722 వస్తుంది. అదీ మీ పాత 4,000 కి సమానమైన కొత్త రేటు.

4,722 అంటే గెస్టులు పారిపోతారని కదా మీ భయం. గెస్ట్ వైపు నుంచి చూడండి. పాత పద్ధతిలో రెండు రాత్రులకి ఆయన కట్టింది 9,721. కొత్త పద్ధతిలో 4,722 చొప్పున 9,444, దాని మీద 5 శాతం జీఎస్టీ 472, మొత్తం 9,916. అంటే రెండు రాత్రులకీ కలిపి 195 రూపాయలు ఎక్కువ, రాత్రికి వంద లోపు. గెస్టుకి విడిగా సర్వీస్ ఫీజు లైను కనపడదు, మొత్తం మాత్రం దాదాపు అంతే. ఇప్పుడు యాప్‌లు వెతికేటప్పుడే మొత్తం రేటు చూపించడం ఎక్కువైంది కాబట్టి ఆయన పోల్చుకునేది ఆ మొత్తాన్నే. ఈ నెలల్లో మీరు 4,000 దగ్గరే ఉంచేయడం వల్ల జరిగింది ఏంటంటే గెస్ట్ 8,400 కే రెండు రాత్రులు ఉండిపోయాడు, అంటే మీరు తెలీకుండానే ఆయనకి పదమూడు వందలు డిస్కౌంట్ ఇచ్చారు. మరి దానివల్ల బుకింగులు పెరిగాయా? మీరే రాశారు, అవే పదకొండు రాత్రులని. మీ ఇంటికి వచ్చేవాళ్లు ఆ పదమూడు వందల కోసం రావట్లేదన్నమాట, తోట కోసం, సముద్రం కోసం వస్తున్నారు.

అలాగని అన్ని రోజులకీ ఒకేలా పెంచేయమని నేను చెప్పను. ఇక్కడ కాస్త నిదానంగా చూడాలి. శుక్ర, శని, ఆదివారాలు, కార్తీక మాసం పిక్నిక్ రోజులు, సంక్రాంతి, రథసప్తమికి అటూ ఇటూ, ఏడాదికి రెండుసార్లు మార్చిలోనూ అక్టోబర్‌లోనూ అరసవల్లిలో స్వామి పాదాల మీద సూర్యకిరణాలు పడే రోజులు, ఈ రోజుల్లో గదులు ఎలాగూ దొరకవు, అప్పుడు 4,722 పెట్టినా, 5,000 పెట్టినా వస్తారు. తేలినీలాపురం పక్షులు చూడ్డానికి చలికాలంలో కెమెరాలతో వచ్చేవాళ్లు కూడా రేటు కంటే ఇల్లు శుభ్రంగా ఉందా, తెల్లవారుజామున టీ దొరుకుతుందా అనే చూస్తారు. కానీ మే నెల మంగళవారం సంగతి వేరు. ఆ రోజు ఇల్లు ఖాళీగా ఉన్నా కాపలాదారు జీతం ఆగదు, సాఫ్ట్‌వేర్ డబ్బులు ఆగవు. గెస్ట్ వస్తే కొత్తగా పడే ఖర్చు కరెంటు 350, క్లీనింగూ ఉతుకూ 800, అంతే. 3,200 కి ఇచ్చినా చేతికి 2,614 వస్తుంది, ఆ ఖర్చులు పోతే పధ్నాలుగు వందలకి పైనే మిగులుతుంది. కాబట్టి మామూలు రోజుల్లో 4,000 అలాగే ఉంచండి, ఇంకా ఖాళీ ఉంటే కొంచెం తగ్గించండి కూడా. వీకెండ్ రేటు పెంచి, వారం మధ్య రేటు ఆపితే, సగటున మీకు పాత డబ్బుకి దగ్గరగా వస్తుంది, వెతికేవాళ్లకి మీ ఇల్లు ఖరీదైందిగా కూడా కనపడదు.

ఒక్క రాత్రి బుకింగుల గురించి మీరు రాయలేదు గానీ స్క్రీన్‌షాట్లలో చాలా ఉన్నాయి. ఇప్పుడున్న రేటుకి ఒక్క రాత్రికి ఖర్చులు పోను 2,118 మిగుల్తుంది, రెండు రాత్రులైతే ఒక్కో రాత్రికి 2,518, ఎందుకంటే దుప్పట్లు ఒకేసారి ఉతుకుతాం. శనివారానికి కనీసం రెండు రాత్రులు అని పెట్టి చూడండి ఒక నెల. ఖాళీగా ఉండిపోతే తీసేయండి. ఆ యాప్‌లో "ఈ వారం 10 శాతం తగ్గిస్తే పైన చూపిస్తాం" అని వచ్చే మెసేజ్‌లకి వెంటనే ఓకే కొట్టకండి, 4,722 మీద 10 శాతం తగ్గిస్తే 4,250, చేతికి 3,472. ఆ డిస్కౌంటులో ఎక్కువ భాగం మీ జేబులోంచే, యాప్ తన శాతం తాను తీసుకుంటూనే ఉంటుంది.

పండగ రేట్ల విషయంలో ఒక గీత ఉంది, అది దాటితే గెస్టుకి దెబ్బ తగులుతుంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి రోజుకి 7,500 దాకా ఉన్న గదికి జీఎస్టీ 5 శాతం, దాటితే 18 శాతం. మీరు డిసెంబర్ 31 కి 7,200 పెడుతున్నారు. అదే పాత డబ్బు రావాలని భాగించి చూస్తే 8,500 పెట్టాలి. 8,500 పెడితే గెస్ట్ కట్టేది 10,030. 7,500 దగ్గర ఆపితే గెస్ట్ కట్టేది 7,875. అంటే 8,500 పెడితే గెస్ట్ మీద 2,155 ఎక్కువ పడుతుంది, మీకు అదనంగా వచ్చేది 817 మాత్రమే. నేనైతే 7,500 దగ్గర ఆపేస్తాను. లేదంటే ఆ ఒక్కరోజుకి రెండు గదులనీ విడివిడిగా పెట్టి ఇవ్వొచ్చు, ఒక్కో గది 7,500 లోపే ఉంటుంది, కాకపోతే హాల్లో రెండు ఫ్యామిలీలు కలిసి ఉండాలి, అది మీ ఇంటికి నప్పుతుందో లేదో మీకే తెలుసు.

సాఫ్ట్‌వేర్ మానేస్తే పాత 3 శాతానికి వెళ్లొచ్చా అని అడిగారు. కొన్నిచోట్ల వెళ్లొచ్చు, కొన్నిచోట్ల ఒకసారి మారితే అంతే. మీ యాప్ సపోర్టుకి రాసి, జవాబు మెయిల్లో తీసుకోండి, ఫోన్లో చెప్పింది నమ్మకండి. వెళ్లగలిగితే నెలకి 1,200 కూడా మిగులుతుంది. క్యాలెండర్లు కలపడానికి ఫ్రీ లింకులు రెండు యాప్‌లలోనూ ఉంటాయి, ఒకదాని లింకు ఇంకోదాంట్లో పెడితే చాలు, కానీ అవి వెంటనే మారవు, ఒక్కోసారి గంటలు పడుతుంది, ఆ గంటల్లోనే మళ్లీ కార్తీక ఆదివారం లాంటిది జరగొచ్చు. రెండో యాప్ నుంచి మీకు నెలకి వచ్చేది ఒకటో రెండో బుకింగులైతే, వీకెండ్లు దాంట్లో మూసేసి వారం మధ్య రోజులే తెరిచి ఉంచండి, డబుల్ బుకింగ్ ప్రమాదం చాలావరకు పోతుంది. కానీ గుర్తుపెట్టుకోండి, పాత పద్ధతికి వెళ్లినా గెస్ట్ కట్టేది దాదాపు అంతే. రేటు సరిగ్గా పెట్టుకుంటే 15.5 అయినా 3 అయినా మీ చేతికొచ్చేది ఒకటే. ఈ ఒక్క విషయం కోసం మళ్లీ తలనొప్పి తెచ్చుకోనక్కర్లేదని నా అభిప్రాయం.

ఇక మరిది మాట, యాప్ తీసేసి వాట్సాప్‌లో నడపడం. ఆయన చెప్పినదాంట్లో నిజముంది, కొట్టిపారేయకండి. నేరుగా వచ్చే గెస్టుకి 4,300 చెప్పారనుకోండి, మీకు మొత్తం 4,300 వస్తుంది, ఆయన యాప్‌లో కట్టే 4,958 కంటే ఆరొందల యాభై దాకా తక్కువ. ఇంకోటి, మీ ఏడాది మొత్తం 20 లక్షల లోపు కాబట్టి మీరు జీఎస్టీ రిజిస్ట్రేషన్ తీసుకోనక్కర్లేదు, నేరుగా వచ్చినవాళ్ల దగ్గర ఆ 5 శాతం కూడా ఉండదు. యాప్ ద్వారా వస్తే మాత్రం మీరు రిజిస్టర్ కాకపోయినా ఆ పన్ను యాపే వసూలు చేసి కట్టాలి, చట్టం అలా ఉంది.

కానీ పూర్తిగా తీసేస్తే ఏమవుతుంది? వైజాగ్‌లో శుక్రవారం రాత్రి ఫోన్ తెరిచి "బీచ్ దగ్గర ఇల్లు" అని వెతికే వాళ్లకి మీరు కనపడరు. ఇన్నాళ్లు కష్టపడి తెచ్చుకున్న రివ్యూలు పోతాయి. అడ్వాన్సు మీరు అడగాలి, రద్దు చేసుకుంటే వెనక్కివ్వడం గురించి మీరు గొడవ పడాలి, టీవీ పగిలితే అడిగేది మీరే. ఆ పనంతా ఎవరు చేస్తారు, హైదరాబాద్ నుంచి మరిది చేయడు కదా. అందుకని రెండూ ఉంచండి. యాప్‌లో దొరికిన గెస్టుని బుకింగ్ కాకముందే "బయట తక్కువకిస్తాం" అని తిప్పకండి, అది యాప్‌తో మీరు ఒప్పుకున్న షరతులకి విరుద్ధం, లిస్టింగే తీసేయొచ్చు, పైగా అది సరైన పని కూడా కాదు, ఆ గెస్టుని తెచ్చింది వాళ్లు. నేరుగా రావాల్సినవాళ్లు వేరే ఉన్నారు. శ్రీకాకుళంలో ఫంక్షన్ హాళ్లవాళ్లకి పెళ్లివారి చుట్టాలకి గదులు కావాలి, వాళ్లకి నెంబరు ఇచ్చి రండి. మన జిల్లా నుంచి పనుల మీద హైదరాబాద్, చెన్నై వెళ్లి సంక్రాంతికి ఫ్యామిలీలతో దిగేవాళ్లు ఎంతమంది, ఊళ్లో ఇంట్లో చోటు చాలక ఇబ్బంది పడతారు, వాళ్లకి మీ ఇల్లు తెలీదు. గూగుల్ మ్యాప్స్‌లో ఇల్లు పెట్టండి, ఫోటోలు మీరే పగలు వెలుతురులో తీయండి. ఈ నేరుగా వచ్చే బుకింగుల బాధ్యత మరిదికే అప్పగించండి, ఆయనే అన్నాడు కాబట్టి. నెలకి మూడు రాత్రులు ఆయన తెచ్చినా ఇంట్లో వాతావరణం మారిపోతుంది. నేరుగా వచ్చినవాళ్ల గుర్తింపు కార్డు ఏదో ఒకటి తప్పకుండా చూసి వివరాలు రాసుకోండి, విదేశీయులైతే 24 గంటల్లో ఆన్‌లైన్లో వివరాలు పెట్టాలి.

నేరుగా వచ్చేవాళ్లకి యాప్ కంటే తక్కువ రేటు చెప్పొచ్చా అనే భయం కూడా ఉంటుంది. మన దేశంలో హోటళ్ల విషయంలో ఇది పెద్ద కేసే అయింది. మేక్‌మైట్రిప్, గోఐబిబో అనే బుకింగ్ కంపెనీల మీద కాంపిటీషన్ కమిషన్ (వ్యాపారాల్లో పోటీ సక్రమంగా ఉండేలా చూసే ప్రభుత్వ సంస్థ) 2022 అక్టోబర్‌లో 223 కోట్ల పైచిలుకు జరిమానా వేసింది, ఓయోకి 168 కోట్ల పైనే. వేరే చోట ఇంతకంటే తక్కువ రేటుకి ఇవ్వకూడదని హోటళ్లని కట్టడి చేసే షరతులు ఒప్పందాల్లోంచి తీసేయమని కూడా అప్పుడు మేక్‌మైట్రిప్‌కి చెప్పింది. మీ యాప్ షరతుల్లో అలాంటి లైను ఉందో లేదో ఒకసారి చదవండి, ఇంగ్లీషు కష్టమైతే సార్‌ని కూర్చోబెట్టుకుని చదవండి, ఈసారి మెయిల్స్ కూడా.

పన్ను గురించి మీరు ఒక్క ముక్క రాయలేదు, నాకు దిగులంతా అక్కడే. యాప్‌లో పాన్ ఇచ్చారా? ఇవ్వకపోతే టీడీఎస్ (డబ్బు ఇచ్చేటప్పుడే ముందుగా కోసే ఆదాయపన్ను) 5 శాతం కోస్తారు, మీ లెక్కలో అది ఏడాదికి పాతికవేలు దాటుద్ది. పాన్ ఉండి ఏడాదికి 5 లక్షలు దాటితే 0.1 శాతమే, ఐదారొందలు. ఎవరి పాన్ ఇచ్చారన్నది ఇంకా ముఖ్యం. మీ పాన్ ఇచ్చి ఉంటే ఆదాయపన్ను శాఖ దగ్గర మీ పేరు మీద కనపడేది చేతికొచ్చిన డబ్బు కాదు, ఫీజు కోయకముందు మొత్తం. ఇల్లు ఇద్దరిదీ, ఆదాయం చూపించేది మీ ఒక్కరి పేరు మీద, సగం పంపేది మరిదికి. ఇది ఇలాగే వదిలేస్తే రేపు ఒక నోటీసు వస్తే మళ్లీ మీరే ఇరుక్కుంటారు. యాప్ ప్రతి నెలా ఇచ్చే కమీషన్ బిల్లులన్నీ దాచి ఉంచండి, అవి ఖర్చుగా చూపించుకోవాలి. శ్రీకాకుళంలోనే ఒక ఆడిటర్ దగ్గరకి మీ ఆయనా మీరూ వెళ్లి, మరిదిని వీడియో కాల్‌లో పెట్టుకుని, ఆదాయం ఎవరి పేరున ఎలా చూపించాలో తేల్చుకోండి.

చివరిగా, మీరు అడగనిది ఒకటి. రాత్రి పదకొండుకి గెస్ట్ "వేడినీళ్లు రావట్లేదు" అంటే మాట్లాడేది మీరు. దుప్పట్లు లెక్కపెట్టేది మీరు, రివ్యూలకి జవాబు రాసేది మీరు. ఖర్చుల పట్టికలో మీ పేరు ఎక్కడా లేదు. మీ స్థానంలో బయటివాళ్లని పెడితే వాళ్లు ఊరికే చేయరు. చేతికొచ్చిన దాంట్లో 10 శాతం మీ పనికి తీసి, మిగతాది సగం సగం చేద్దామని అడగండి. అడగడానికి మొహమాటంగా ఉంటుంది, తెలుసు, ఇప్పుడే దొంగ అన్నారు, ఇప్పుడే జీతం అడిగితే ఏమనుకుంటారో అని. అందుకే లెక్క కాగితం పెట్టాక ఒక నెల ఆగి, కొత్త రేట్లతో మరిది వాటా మళ్లీ పెరిగాక అడగండి. ఇది వాళ్లకి నచ్చకపోతే రెండో దారి ఉంది, మరిదికి నెలకి ఇంత అని స్థిరంగా అద్దె మాట్లాడేసుకుని, లాభమొచ్చినా నష్టమొచ్చినా మీరే నడుపుకోవడం. అప్పుడు ఎవరికీ లెక్కలు చూపించక్కర్లేదు, కానీ తిత్లీ లాంటి తుఫాను వచ్చి రెండు నెలలు ఇల్లు మూతపడినా ఆయనకి అద్దె కట్టాలి. 2018 అక్టోబర్ మన జిల్లాలో ఎవరూ మర్చిపోలేదు కాబట్టి, ఆ దారిలో వెళ్తే తుఫాను నెలలకి అద్దె ఉండదని కాగితం మీద రాసుకోండి. నాకైతే మొదటిదే మీకు సరిపోతుందనిపిస్తోంది, రెండోది మరిదికి ఇంటి మీద ఆసక్తే లేదని తేలితేనే.

రేట్లు మార్చే ముందు ఒక్కటి చూసుకోండి. ఇప్పటికే 4,000 కి బుక్ చేసుకున్నవాళ్లు ఉంటే వాళ్లకి అదే రేటుకి ఇచ్చేయండి, క్యాన్సిల్ చేసి మళ్లీ ఎక్కువకి పెట్టొద్దు, రివ్యూ పాడవుతుంది, యాప్ జరిమానా కూడా వేయొచ్చు. క్యాలెండర్లో ఖాళీగా ఉన్న తేదీలకి మాత్రమే కొత్త రేటు పెట్టండి, ముందు వచ్చే రెండు నెలల వీకెండ్లకి. మొదటి కొత్త పేమెంట్ పడగానే దాన్ని 0.8171 లెక్కతో సరిచూసుకుని, తేడా వస్తే ఆ స్క్రీన్‌షాట్ నాకు పంపండి, కలిసి చూద్దాం.